ఈవలి లోకమునకు వచ్చిన పేర్లు

ఆమదాలవలసలో రైలు దిగువారికి మొదట కనబడు పేరు ఆమదాలవలస కాదు. స్టేషను పలక మీద శ్రీకాకుళం రోడ్ అని యుండును. శ్రీకాకుళ పట్టణము అక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరమున నాగావళి యొడ్డున నున్నది. ప్రయాణికుడు టిక్కెట్టు శ్రీకాకుళమునకు కొనును. కాలు మాత్రము ఆమదాలవలస మట్టిమీద మోపును. రైల్వేవారి లెక్కలలో ఈ స్టేషనుకు గల సంకేతము సి. హెచ్. ఇ. అను మూడక్షరములు. చికాకోలు అను పాత ఇంగ్లీషు పలుకుబడిలో మిగిలిన తునక అది. చికాకోలు పోయి శ్రీకాకుళము వచ్చి ఎన్నో ఏండ్లు గడచినను సంకేతము మాత్రము మారలేదు. కాగితము మీద ఒక ఊరు, కాలిక్రింద ఒక ఊరు. ఈ రెంటికిని గల తేడా తెలియని పెద్దమనిషి మా ప్రాంతమున లేడు. అందుచేత నేడు నేను చెప్పబోవునది వినుటకు వింతగా నున్నను, అసలు సంగతి మీకు పరిచితమే.

చెప్పబోవునది ఒక మాట చరిత్ర. గణకయంత్రములను, అనగా కంప్యూటర్లను, తీగలతోను తరంగములతోను లోకమంతట కలిపిన కూర్పునకు ఇంటర్నెట్టు అని పేరు. మన దేశమున అది సామాన్య ప్రజలకు 1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీని అందుబాటులోనికి వచ్చినది. నేడు మీ మనుమల చేతిలోని ఫోనులో నున్నది అదియే. అందులో మాటలాడుకొనుట, బేరములాడుట, తగవులాడుట, పెండ్లి సంబంధములు చూచుట, అన్నియు జరుగుచున్నవి. ఇట్లు అక్కడ ఒక లోకము వెలసిన పిదప, దానిలో పగలు రాత్రి గడపువారికి ఒక చిక్కు వచ్చినది. దాని వెలుపల నున్న ఈ లోకమును, మట్టియు ఎండయు ఆకలియు గల ఈ లోకమును, ఏమని పిలువవలెను? అంతవఱకు దీనికి పేరు అక్కఱలేకుండెను. ఉన్నది ఇదొక్కటే కదా! రెండవది వచ్చిన తరువాతనే మొదటిదానికి పేరు కావలసి వచ్చెను. అప్పుడు ఇంగ్లీషు మాటలాడు కుఱ్ఱకారు వేళాకోళముగా ‘మీట్‌స్పేస్’ అనిరి. మీట్ అనగా మాంసము, స్పేస్ అనగా చోటు. తెలుగు చేసిన ‘మాంసలోకము’ అగును.

ఇట్టి వీథిమాటలను గూర్చి పెద్దల యెదుట ప్రసంగించుట తగునా యని ఎవరైన అడుగవచ్చును. ఈ జిల్లావారు మాత్రము అడుగరాదు. వంశధారా తీరమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు జనుల నోటిమాటకు గౌరవము తెచ్చుటకే తమ జీవితమును ధారపోసిరి. కొండలలోని సవరలతో కలిసి కూర్చుండి, వారి పలుకు నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. ఆయన జన్మదినమగు ఆగస్టు 29వ తేదీనే మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. అట్టివారు పుట్టిన సీమను గూర్చి ఈ గ్రాంథికమున మాటలాడుచున్నందుకు ఆయన ఆత్మ నన్ను మన్నించవలెను. ముదిమిలో అలవాట్లు మారవు.

మాట పుట్టుక చిత్రమైనది. 1948లో నార్బర్ట్ వీనర్ అను అమెరికా గణితశాస్త్రజ్ఞుడు, ప్రాణులయందును యంత్రములయందును అదుపాజ్ఞలు సాగు తీరును గూర్చి ఒక గ్రంథము వ్రాసి, దానికి ‘సైబర్నెటిక్స్’ అని పేరిడెను. గ్రీకు భాషలో ఓడ చుక్కాని పట్టువానికి గల పేరునుండి ఆ మాటను తీసికొనెను. కళింగపట్నపు రేవులో ఓడలు నిలిచిన కాలమున మన సరంగులు చేసిన పనికే గ్రీకులు ఆ మాట వాడిరన్నమాట. 1982లో విలియం గిబ్సన్ అను కథకుడు అందలి ముందు ముక్కను త్రుంచి ‘సైబర్‌స్పేస్’ అను క్రొత్త మాట కట్టెను. 1984లో వెలువడిన ఆయన నవల ‘న్యూరోమాన్సర్’ వలన అది లోకమెల్ల వ్యాపించెను. ఆ నవలను ఆయన వ్రాసినది కంప్యూటరు మీద కాదు, చేతితో కొట్టు టైపుమిషను మీద! ఆ కథలోని నాయకుడు యంత్రముల లోపలి లోకమున తిరుగాడి సమాచారము దొంగిలించువాడు. యజమానులను మోసగించినందుకు వారు వాని నరములను చెఱచి, ఆ లోకమున మరల అడుగిడకుండ చేయుదురు. అప్పుడు వానికి తన దేహమే చెఱసాలగా తోచును. దేహము వట్టి మాంసము అను చిన్నచూపు ఆ పుటలలో నున్నది. 1990ల తొలి సంవత్సరములలో ఆ చిన్నచూపే ‘మీట్‌స్పేస్’ అను మాటగా నోళ్లలో పడినది.

1996 ఫిబ్రవరి 8వ తేదీని స్విట్జర్లాండులోని దావోసు నగరమునుండి జాన్ పెరీ బార్లో అను అమెరికావాడు ఆ క్రొత్తలోకము పక్షమున ఒక స్వాతంత్ర్య ప్రకటన చేసెను. ప్రభుత్వములను ఉద్దేశించి ఆయన చెప్పిన దాని సారాంశమిది: మా లోకమున దేహములు లేవు, కావున దేహమును బెదరించి సాగించు మీ శాసనములు మాయెడ చెల్లవు. ఇట్లు చెప్పినవాడు ఎవ్వడు? వయోమింగు పచ్చికబయళ్లలో చాల ఏండ్లు ఆవులమందలు పెంచిన రైతు. మాంసమన నేమో ఎఱిగినవాడే దేహములేని రాజ్యమును ప్రకటించుట నాకెప్పుడును నవ్వు పుట్టించును. దూడకు గడ్డి వేయువాడు ఎవ్వడో ఆ ప్రకటనలో లేదు.

మాంసలోకమను మాట కొంత మొరటుదని తోచినవారు మఱియొక మాట పట్టిరి. ‘ఐ. ఆర్. ఎల్.’ అను మూడక్షరములు. ‘నిజజీవితమున’ అని దాని యర్థము. దీనికిని ఆక్షేపణ వచ్చినది. 2009లో స్వీడను దేశపు న్యాయస్థానమున, పాటలను చిత్రములను అక్రమముగా పంచిపెట్టుటకు తోడ్పడిరని కొందఱిమీద అభియోగము నడచెను. అప్పుడు ముద్దాయిలలో నొకడు ఆ మాట తాము వాడమని చెప్పెను. వెలుపలిది నిజజీవితమైనచో లోపలిది అబద్ధమగునా? లోపలిదియు నిజమే కనుక, తాము ‘మీటల పలక దగ్గఱ లేము’ అని మాత్రమే చెప్పుదుమని వాని వాదము. ఇంగ్లీషులో దానికి ‘ఏ. ఎఫ్. కె.’ అని పొడియక్షరములు. దొంగతనపు కేసులో తర్కశాస్త్రపు చర్చ! అయినను వాని మాటను త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఫోనులో తిట్టిన తిట్టు వీథిలో తిట్టిన తిట్టువలెనే గ్రుచ్చుకొనును. ఫోనులో పోయిన సొమ్ము సంతలో పోయిన సొమ్మువలెనే పోవును.

దేహములేని ఉనికి మన పెద్దలకు క్రొత్త కాదు. కంసునికి వినవచ్చినది అశరీరవాణి. శివుని కంటిమంటలో మన్మథుడు బూడిదయై అనంగుడయ్యెను. దేహము లేకున్నను ముల్లోకములలోను వాని పని సాగుచునే యున్నది. కాని రతీదేవి ఏడ్చినది దేనికొఱకు? ఆ దేహము కొఱకే గదా. ఇంకను శంకరాచార్యులవారి కథ విచారింపుడు. మండనమిశ్రుని ఇల్లాలగు ఉభయభారతితో వాదమున, గృహస్థధర్మమును గూర్చిన ప్రశ్నలకు ఉత్తరము నేర్చుటకై, ఆయన అమరుకుడను రాజు కళేబరమున ప్రవేశించెనట. తన దేహమును ఒక గుహలో విడిచి, శిష్యులను కావలి యుంచెను. ఆ రాజుగారి మంత్రులకు అనుమానము కలిగి, రాజ్యమున ఎక్కడ దిక్కులేని శవమున్నను దహింపుడని ఆజ్ఞాపించిరి. శిష్యులు పరుగెత్తిపోయి గురువునకు జ్ఞాపకము చేయకున్నచో ఆయన తిరిగివచ్చుటకు చోటే లేకపోయెడిది. ఈ కథ చెప్పువారు అందఱును పరకాయప్రవేశమును గూర్చియే చెప్పుదురు. నా మనస్సు మాత్రము ఎప్పుడును ఆ గుహలోని శిష్యులయందే యుండును. ఈగలు తోలుచు, నక్కలను అదలించుచు, గురువుగారి దేహమును కాచుకొని కూర్చున్నవారు వారు. వారి పేరు ‘మాంసపు కాపరులు’ అని ఎవ్వరును అనలేదు.

మన భాషలో ఇట్టి పేర్లు ఎట్లు పుట్టినవో చూచినచో ఆ ఇంగ్లీషు మాటలోని పెళుసుదనము బాగుగ తెలియును. పూర్వము కోడి కోడియే. బ్రాయిలర్ కోళ్లు వచ్చిన పిదప, పెరటిలో గింజలేఱుకొను మన కోడికి నాటుకోడి యని పేరు వచ్చినది. పూర్వము బియ్యమనిన రోటిలో దంచినవే. మిల్లులు వచ్చిన తరువాత అవి దంపుడు బియ్యము అయినవి. బండి యనిన ఎడ్లు లాగునదే. పొగబండి వచ్చి ఆ పేరు లాగికొనగా మొదటిది ఎడ్లబండిగా నిలిచినది. నేతకు సయితము అంతే; మర మగ్గములు లేని లోకమున ‘చే’ అను ముక్క తగిలించుటకు పని లేదు, నేత యనిన చేతితో నేసినదే. క్రొత్తది వచ్చి పాతదాని పేరు ఆక్రమించుకొనును. పాతది తన పేరునకు ముందు ఒక విశేషణము తగిలించుకొని ప్రక్కకు జరిగి నిలుచును. మొదట ఆ విశేషణమున చులకన యుండును. నాటు అనిన మోటు. దంపుడు బియ్యము అనిన మిల్లుకు పంపుటకు డబ్బులేని యింటివారి తిండి. పిదప కాలము తిరుగును. నేడు నాటుకోడికి ఎక్కువ వెల. దంపుడు బియ్యము వైద్యులు తినుమనుచున్నారు.

పొందూరు ఖద్దరు సంగతి చెప్పక ఈ ప్రకరణము దాటలేను. ఆమదాలవలసకు అది పొరుగూరు. అక్కడి స్త్రీలు కొండపత్తిని శుభ్రపఱచుటకు వాలుగ చేప దవడ యెముకను వాడుదురు. ఆ యెముకలోని సన్నని పండ్లతో దూదిపోగులను దువ్వి, గింజను మలినమును వేఱుచేసి, సన్ననూలు వడుకుదురు. ఇనుప దువ్వెనలతో ఆ పని అంత మెత్తగా కాదని వారి మాట. ఆ బట్ట కట్టుకొన్నవాని భుజము మీద చేప దవడ, మనిషి వ్రేళ్లు, ఆ పంట పండిన నేల, మూడును ఉన్నవి. ‘చేనేత’ అను మాటలో చేయి కనబడుచున్నది. ‘మాంసలోకము’ అను మాటలో చేయి లేదు, కటికవాని కొట్టు మాత్రమే యున్నది. ఈ భేదము ఎందుచేతనన, నాటుకోడికి పేరు పెట్టినవాడు పెరటిలో నిలువబడి పెట్టెను. మాంసలోకమునకు పేరు పెట్టినవాడు ఆవలిగట్టున కూర్చుండి, తాను విడిచివచ్చితినని తలచుచున్న గట్టును చూచి పెట్టెను. ఆవలిగట్టున వాడు తిన్న రొట్టెముక్క మాత్రము ఈవలిగట్టున కాల్చినదే.

ఇక మన స్టేషనుకు తిరిగివత్తము. బెజవాడనుండి కటకము వఱకు తూర్పుతీరపు రైలుదారి 1893 మొదలు 1896 లోపల అంచెలంచెలుగా తెఱవబడినది. దారితోపాటు తంతితీగయు వచ్చినది. దేహములేని మాట మా పల్లెల మధ్యగా పరుగిడెను. మన దేశమున తంతికి ఆద్యుడు ఓషానెస్సీ అను వైద్యుడు. 1851లో కలకత్తానుండి డైమండు హార్బరు వఱకు తీగ నడచెను. 1855లో తంతి ప్రజలకు అందెను. ఆ రోజులలో తంతి గుమాస్తాలు ఎన్నడును ముఖములు చూడని పరస్థలపు గుమాస్తాలతో తీగమీద స్నేహములు చేసెడివారు, అలిగెడివారు, ప్రేమించెడివారు. 1879లోనే అమెరికాలో ఎల్లా చీవర్ థేయర్ అను స్త్రీ అట్టి ప్రేమకథ నొకదానిని నవలగా వ్రాసెను. తీగమీద పలుకరించువాడు ఎదుటపడినప్పుడు ఎట్టివాడై యుండునో అను భయము అప్పుడే యున్నది, నేటిది కాదు.

కాని రైలును నడుపువారు తంతిమాటను ఒంటిగా ఎన్నడును నమ్మలేదు. ఒంటిలైను ఉన్న దినములు ఎఱిగినవారికి బెత్తపు వలయము జ్ఞాపకముండును. వలయమునకు ఒక తోలుసంచి, అందులో ఒక లోహపు గుండు. రెండు స్టేషన్లలోను రెండు యంత్రములు. వాటిని తీగ కలుపును. అవతలి స్టేషనువారు సమ్మతించి మీట నొక్కినగాని ఇవతలి యంత్రమునుండి గుండు వెలుపలికి రాదు. ఒక గుండు వెలుపల నున్నంతవఱకు ఏ యంత్రమునుండియు రెండవ గుండు రాదు. ఆ గుండు చేతికందినగాని డ్రైవరు ఆ దారిని బండి నడుపడు. ‘దారి ఖాళీ’ అని తీగ ఎంత చెప్పినను సరే, చేతిలో బరువుండవలెను. వేగముగా పోవు బండినుండి వంగి, చేయి చాచి, ఒక వలయమును పడవేసి, మఱియొకదానిని మోచేతికి తగిలించుకొను నౌకరును నేను చిన్నతనమున నోరు తెఱచి చూచెడివాడను. దేహములేని మాటకు దేహము ఇచ్చుట ఆ మోచేతి పని. ఎదురెదురుగా రెండు బండ్లు ఢీకొనకుండ వేలమంది ప్రాణములు కాచినది తీగయు గుండును కలిసియే.

మా ప్రాంతమువారికి ఆవలి లోకము అనిన మొదట రంగూను. ఊళ్ల పేళ్లలో ‘వలస’ ఇన్ని మారులు వచ్చు సీమ ఇది. పోవుట, వచ్చుట మాకు రక్తములో నున్నవి. గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి వేలకొలది జనులు బర్మాకు కూలికి పోయిరి. వారి ఉనికి ఇక్కడివారికి ఒక ఉత్తరము, ఒక మనియార్డరు. పోస్టుజవాను వచ్చినంతకాలము మనిషి ఉన్నట్లే. 1942 మార్చిలో జపానువారు రంగూను పట్టుకొనగానే ఉత్తరములు ఆగిపోయినవి. కొండలు అడవులు నడచి అస్సాము దారిని వచ్చినవారు వచ్చిరి. దారిలో పడినవారు పడిరి. ఇంటిగడపమీద మనిషి నిలిచినప్పుడే వార్త. అట్టి యిండ్లవారు తంతిమనిషిని చూచిన ఉలికిపడుటలో వింత లేదు. టెలిగ్రామునకు మన పల్లెలలో ఒకటే యర్థముండెను. 2013 జూలైలో ప్రభుత్వమువారు ఆ తంతిని శాశ్వతముగా నిలిపివేసినప్పుడు, ఒక భయము కూడ దానితో పోయినదని అనుకొంటిమి.

భయము పోలేదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటెను. ఉద్దానమున కొబ్బరియు జీడియు నేలకూలెను. కరెంటు స్తంభములు పడినవి, ఫోన్లు మూగవోయినవి. హైదరాబాదులోను, చెన్నపట్టణములోను, గల్ఫు దేశములలోను ఉన్న మన పిల్లలు ఫోనుపలకలు చేత పట్టుకొని కూర్చుండిరి. ముందునాటి రాత్రి వఱకు ఆ పలకమీద తల్లి ముఖము కదలినది, మాటలాడినది, ఇప్పుడు లేదు. మా బంధువు ఒకడు, రైళ్లు కదలిన పిదప, ఆమదాలవలసలో దిగి, దొరికిన బండి యెక్కి, టెక్కలి వైపునున్న తన పల్లెకు చివర కొంతదూరము పడిన చెట్లు దాటుచు నడచి చేరెను. తల్లి పెంకులు లేచిపోయిన ఇంటిముందు పొయ్యి వెలిగించుచుండెనట. ‘ఏరా, తిన్నావేటి?’ అని మాత్రము అడిగినదట. వాడు నాకీ మాట చెప్పి, తన అఱచేతివంక చూచుకొని ఊరకుండెను.

మఱి తెలుగువారు ఈవలి లోకమునకు ఏమి పేరు పెట్టిరి? చాలకాలము ఏ పేరును పెట్టలేదు. ఆవలిదానికే ‘నెట్టులో’ ‘ఫోనులో’ ‘ఆన్‌లైనులో’ అని పేర్లు చెప్పిరి. ఈవలిది పేరులేకయే సుఖముగా నుండెను. 2020 మార్చి 25వ తేదీని మహమ్మారి కారణమున దేశమంతట తలుపులు మూయబడినవి. బడులు మూతబడి, పాఠములు ఫోనులలోనికి పోయినవి. ఫోను ఒకటే యున్న యింట ఇద్దఱు పిల్లలుండిన, ఒకనికి లెక్కలు, ఒకనికి అలుక. బడులు తెఱచిన తరువాత పిల్లలు ఒక క్రొత్త మాటతో ఇంటికి వచ్చిరి. అది ‘ఆఫ్‌లైన్ క్లాసు’. బల్లమీద కూర్చుండి, పంతులుగారి యెదుట, సుద్దపొడి ముక్కునకెక్కుచుండగా చదువుకొను చదువునకు, అనగా గురుకులముల నాటినుండి చదువు అని మాత్రమే పిలువబడిన దానికి, పేరు వచ్చెను. దంపుడు బియ్యమునకు వచ్చినట్లే వచ్చెను. ఆ యేడే పత్రికలవారు ‘భౌతిక దూరము’ అను మాట వ్యాప్తి చేసిరి. అంతకుముందు భౌతికము అను మాట వారి వ్రాతలలో ప్రాణము పోయినప్పుడు తఱచుగా కనబడెడిది. పెద్దలెవరైన చనిపోయిన ‘భౌతిక కాయము’ అని వ్రాసెడివారు. బ్రతికినవానికిని భౌతికముగా నుండు యోగ్యత మహమ్మారి వలన కలిగెనన్నమాట.

తుదకు వ్రేలి సంగతి. దేహము అక్కఱలేని లోకమని ప్రకటింపబడిన ఆ లోకము మన పల్లెకు వచ్చి మొదట అడిగినది బొటనవ్రేలిని. దీనికిని ఒక చరిత్ర యున్నది. అదియు మన రైలుదారి కొననున్న వంగదేశపుదే. 1858లో జంగీపురమున విలియం హెర్షెల్ అను దొర, కంకర తెచ్చుటకు ఒప్పుకొన్న కంట్రాక్టుదారుచేత ఒప్పందపు కాగితముమీద అఱచేతి ముద్ర వేయించుకొనెను. 1877లో హుగ్లీలో ఆయనయే పింఛనుదారులచేత వ్రేలిముద్రలు వేయించెను. చనిపోయినవారి పింఛను బ్రతికినవారు తినకుండుటకు. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. అందు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇద్దఱు మనవారు ఆ ముద్రలను వర్గములుగా విభజించు లెక్కను కూర్చిరి. పేరు మాత్రము పైయధికారికి పోయినది. 2010లో ఆధారు సంఖ్యలు ఇచ్చుట మొదలయ్యెను. 2015నుండి మన రాష్ట్రమున చౌకడిపోలలో వ్రేలిముద్ర చూచు యంత్రములు పెట్టబడినవి. పూర్వము వ్రేలిముద్ర వేయుట సిగ్గు; అక్షరములు రానివాని గుర్తు. ‘నిశానీ’ అని నవ్వెడివారు. నేడు ఎమ్మే చదివినవాడును నిశానీయే. ఇందులో నాకొక చిన్న సంతోషము లేకపోలేదు.

కాని యంత్రము అడుగు వ్రేలు ఎట్టిది? గీతలు చెడని వ్రేలు. కొడవలి పట్టి, నారు పీకి, అంట్లు తోమి, ఏబది ఏండ్లు పనిచేసిన వ్రేలిమీద గీతలు అరిగిపోవును. పలాస వైపు జీడిపిక్కలు కొట్టి ఒలిచినవారి సంగతి చెప్పనక్కఱలేదు. ఆ పెంకులోని నూనె చర్మమును కాల్చివేయును. ఎక్కువ పనిచేసిన దేహమునకే తాను తానేనని నిరూపించుకొనుట ఎక్కువ కష్టమగుచున్నది. ఐరిస్ యంత్రములని కంటిపాపను చూచునవి యున్నవి, ఇతర మార్గములును ఉన్నవి. అవి ఆ రోజున ఆ చోట ఉండవలెను గదా.

ఒక డిపోలో నేను వరుసలో నిలుచుండి చూచినది చెప్పెదను. నా ముందు ఒక ముసలామె. బొటనవ్రేలు పెట్టినది, యంత్రము కాదన్నది. చూపుడువ్రేలు పెట్టినది, కాదన్నది. డిపో నడుపు అబ్బాయి మంచివాడే. ఆమె వ్రేళ్లను తడిగుడ్డతో తుడిచి, ‘అమ్మా, ఇంకో యేలు ఎట్టు’ అని ఒక్కొక్కటిగా ప్రయత్నించుచుండెను. ఆమెను వాడు చిన్ననాటినుండి ఎఱుగును. వరుసలోని అందఱును ఎఱుగుదురు. ఆమెకు కోపము వచ్చినది. ‘నాను నీ ఎదట నిలబడ్డాను గదరా బాబూ! నానున్నానో లేనో ఆ పెట్టెనడుగుతావేటి?’ అన్నది. ఎవ్వరును నవ్వలేదు. ఎడమచేతి ఉంగరపువ్రేలు పెట్టించినప్పుడు యంత్రము ఒప్పుకొనెను. ఆమె బియ్యము సంచిలో పోయించుకొని, ఆ వ్రేలిని ఒకసారి వెలుతురునకు ఎత్తి చూచుకొని, సంచి నెత్తిన పెట్టుకొని, ఎండలో స్టేషను దారిని పోయెను.